ఆపరేషన్ అయిపోతే నీటికాసులు అయిపోయినట్టు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ హెల్త్ పేజీలో నీటికాసుల గురించి, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే గ్లకోమా గురించి రాశారు, రాసినందుకు ముందుగా థాంక్స్, ఎందుకంటే ఈ జబ్బు గురించి రాసేవాళ్లే తక్కువ. కానీ పైన పెద్ద అక్షరాల్లో "ఒక్క ఆపరేషన్‌తో శాశ్వత పరిష్కారం" అని హెడ్డింగ్ పెట్టారు చూడండి, అది చదివాక ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. లోపల మేటర్‌లో డాక్టరు గారు జాగ్రత్తగానే చెప్పారు, చెకప్‌కి వెళ్లాలని చివర్లో ఒక లైను కూడా ఉంది, కానీ జనం చదివేది హెడ్డింగే కదండీ. సరిగ్గా ఆ మాట నమ్మే మా తమ్ముడు ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అందుకే ఈ ఉత్తరం. నేను చెప్తుంటే మా అమ్మాయి టైప్ చేస్తోంది, కొంచెం పెద్దదే అవుతుంది, దయచేసి మధ్యలో కోసేయకుండా వేయండి.

నేను రాంనగర్‌లో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నా. 2009లో నాకు 46 ఏళ్లు. జోడు పెట్టుకుంటే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కేది, హుక్కులు, కాజాలు, పైపింగు అన్నీ నా చేత్తోనే. కానీ నడుస్తుంటే గుమ్మం భుజానికి కొట్టుకునేది, వంటింట్లో పక్కన పెట్టిన చెంబు కాలికి తగిలి దొర్లేది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వచ్చే స్కూటర్ మీదికొచ్చేదాకా కనపడేది కాదు. మా ఇంటాయన "చూసుకుని నడవ్వే" అని కసిరేవాడు, నేను పని ధ్యాసలో ఉండి గమనించట్లేదేమో అనుకునేదాన్ని. సరే పవర్ మారిందేమోనని అద్దాల షాపుకెళ్తే అక్కడి అబ్బాయి బోర్డు చదివించాడు, చివరి లైను దాకా గడగడా చదివేశా. అయినా ఆ బాబుకి ఎక్కడో అనుమానం వచ్చి, "అమ్మా, మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా చూపు పోయిందా?" అని అడిగాడు. మా నాన్నకి చివరి రోజుల్లో రెండు కళ్లూ కనపడేవి కావు, మోతిబిందు, అంటే శుక్లం, ముదిరిందనుకుని అందరం ఊరుకున్నాం. ఆ మాట చెప్పగానే వెంటనే కంటాసుపత్రికి వెళ్లమన్నాడు. ఆ అబ్బాయి అడిగిన ఆ ఒక్క ప్రశ్న వల్లే నేనివాళ చూస్తున్నా.

ఆసుపత్రిలో కొలిస్తే కుడి కంట్లో ప్రెజర్ 34, ఎడమ కంట్లో 28. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలట. ఫీల్డ్ టెస్ట్ అని ఒకటి చేశారు, ఒక కన్ను మూసి నడిమి చుక్కనే చూస్తూ ఉండాలి, చుట్టుపక్కల ఎక్కడ లైటు వెలిగినా బటన్ నొక్కాలి. చాలాసేపు లైటే రాలేదు, మిషన్ చెడిపోయిందేమో అని కూడా అనుకున్నా. తర్వాత కాగితం మీద చూపించారు, కుడి కన్ను పైభాగం మొత్తం నల్లగా ఉంది. లైట్లు వచ్చాయి, నాకు కనపడలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీళ్లు కారడం లేదు, సూదిలో దారం ఎక్కుతూనే ఉంది, చూపు మాత్రం పక్కల నుంచి తరిగిపోతూ లోపలికొస్తోంది. ఈ జబ్బులో నడిమి చూపు చివరి దాకా ఉంటుంది, అందుకే పట్టుబడదు.

డాక్టరమ్మ అప్పుడు చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. కంట్లో నీళ్లంటే కన్నీళ్లు కాదమ్మా, కంటి లోపల ఒక నీరు ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది, జల్లెడ లాంటి సన్నటి దారిలోంచి బయటికి పోతూ ఉంటుంది, ఆ జల్లెడ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి వెనకాల ఉన్న కంటి నరాన్ని నొక్కేస్తుంది అన్నారు. ఆ నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయట. తెగిన పోగు మళ్లీ అతకదు, ఏ మందూ అతికించలేదు, ఏ ఆపరేషనూ అతికించలేదు. మిగిలిన పోగులు తెగకుండా చూసుకోవడమే వైద్యమంతా.

ముందు రెండేళ్లు చుక్కల మందులే వాడా, మూడు రకాలు. అందులో ఒకటి నాకు పడలేదు, చిన్నప్పట్నుంచి ఉబ్బసం ఉంది, అది వేసుకుంటే ఆయాసం వచ్చేది, ఆపేశారు. మిగతావి వేసుకున్నా కుడి కన్ను 22, 24 దగ్గరే ఆగింది, నల్ల మచ్చ పెరుగుతూ పోయింది. 2011లో కుడి కంటికి, 2012లో ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. ట్రాబెక్యులెక్టమీ అంటారు, 1968లో కేంబ్రిడ్జ్‌లో కెయిర్న్స్ అనే డాక్టరు చెప్పిన పద్ధతి, ఇన్నేళ్లయినా ఇప్పటికీ దాన్నే చేస్తున్నారు.

నేను టైలర్‌ని కాబట్టి నాకు అది కుట్టుపని లాగే అర్థమైంది. పై రెప్ప కింద కంటి తెల్లపొరలో చిన్న ఫ్లాప్ కోస్తారు, చొక్కా జేబు మీద మూత ఉంటుంది చూడండి అలా, దాని కింద లోపలికి చిన్న దారి చేసి మూతని మళ్లీ కుడతారు. కుట్టు బిగిస్తే నీరు బయటికి రాదు, ప్రెజర్ దిగదు. వదులైతే నీరంతా పోయి కన్ను చప్పబడిపోతుంది, అదీ ప్రమాదమే. సరిగ్గా పడితే ఆ నీరు పై రెప్ప కింద చిన్న బుడిపెలా చేరి మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతుంది, దాన్నే బ్లెబ్ అంటారు. అసలు తిప్పలు ఎక్కడంటే, ఎక్కడ కోసినా మన ఒళ్లు దాన్ని మాన్చేయాలనే చూస్తుంది. ఏ గాయమైనా మానితే సంతోషిస్తాం, ఇక్కడ మాత్రం పూర్తిగా మానకూడదు, మానితే దారి మూసుకుపోయినట్టే. అందుకని కాన్సర్‌కి వాడే మైటోమైసిన్ అనే మందుని స్పాంజిలో ముంచి ఆపరేషన్ టైంలో అక్కడ కాసేపు పెడతారు, మచ్చ కట్టకుండా ఆపడానికి. అయినా ఒళ్లు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తూనే ఉంటుంది. "శాశ్వత పరిష్కారం" అనే మాట ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది.

శుక్లం ఆపరేషన్‌తో కలిపేసుకుంటారండీ మనవాళ్లు, గొడవంతా అక్కడే. శుక్లం తీస్తే మర్నాడు కట్టు విప్పగానే లోకం తళతళలాడుతుంది, పక్కింటి పెద్దమ్మకి అలాగే అయింది, నాకూ అలాగే అవుతుందనుకున్నా, డాక్టరమ్మ ముందే చెప్పినా సరే. కట్టు విప్పితే మసక. మూడు నాలుగు వారాలు మసకే. ఉన్న చూపు కూడా పాడు చేశారని ఇంటికొచ్చి ఏడ్చా. ఆ నెలంతా వారం వారం పిలిచారు, ఒకసారి ఒక కుట్టు వదులు చేశారు, ఇంకోసారి రెప్ప మీద నుంచి ఎలా నొక్కాలో చూపించారు, స్టెరాయిడ్ చుక్కలు గంటల లెక్కన వేయించారు. ఇవన్నీ ఆపరేషన్‌లో భాగమే, సగం పని థియేటర్‌లో అయితే సగం ఈ చెకప్‌లలో అవుతుంది. ఆ వారాల్లో రాకపోతే బాగా చేసిన ఆపరేషన్ కూడా మూసుకుపోతుంది. మెల్లగా మసక తగ్గింది, పోయిన చూపు రాలేదు, కుడి కంట్లో ప్రెజర్ 11, 12 దగ్గర నిలబడింది.

ఆ 12 అనే నంబర్ విలువ నాకు చాలా తర్వాత తెలిసింది. మా అమ్మాయి బీఫార్మసీ చదివింది, తనే ఇంగ్లిష్‌లో ఉన్న పరిశోధనలు చదివి నాకు తెలుగులో చెప్తుంది. 2000లో అమెరికావాళ్లు ముదిరిన నీటికాసులున్న కళ్లని ఆరేళ్లకు పైగా గమనించి రాసిందాంట్లో, వెళ్లిన ప్రతిసారీ 18 లోపే ఉన్న కళ్లు, అంటే సగటున 12 చిల్లర ఉన్నవి, మొత్తం మీద చూస్తే దాదాపు ఏమీ దిగజారలేదట. ప్రతిసారీ అన్న మాట గమనించండి. ఒకసారి 12, ఇంకోసారి 24 ఉంటే లాభం లేదు. నరం ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకి 21 లోపు ఉంటే నార్మల్ అనే లెక్క కూడా సరిపోదు, ఇంకా కిందకి దించాలి. బ్రిటన్‌లో ముదిరిపోయాక బయటపడ్డ 453 మందిని తీసుకుని సగం మందికి మొదటే ఆపరేషన్, సగం మందికి చుక్కల మందులు ఇచ్చి చూశారు, 2021లో ఫలితాలొచ్చాయి, రెండేళ్లకి ఆపరేషన్ వాళ్లకి సగటున 12, చుక్కల మందు వాళ్లకి 15. రోజువారీ జీవితం మాత్రం రెండు గుంపులదీ ఒకేలా ఉంది, అంటే ఆపరేషన్ అంటే భయపడ్డంత ఘోరమూ కాదు.

కేంబ్రిడ్జ్‌లోనే ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉన్నారో చూసిన స్టడీ ఒకటుంది. ఇరవై ఏళ్లకి నూటికి 57 ఆపరేషన్లు ఏ చుక్కల మందూ లేకుండానే పనిచేస్తున్నాయి, చుక్కల మందు కూడా తోడైతే నూటికి 88. ఎంత మంచి మాటో చూడండి, నేను ఆపరేషన్‌కి వ్యతిరేకంగా రాయట్లేదు, భయపడి మానేసేవాళ్లు ఇది చదవాలి. కానీ ఆ 57కీ 88కీ మధ్య ఉన్న 31 మంది సంగతి ఆలోచించండి. వాళ్లకి మళ్లీ చుక్కలు కావాలి. ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నొప్పి రాదు. చూపు ఒక్కసారిగా తగ్గదు. వెళ్లి కొలిపించుకుంటేనే తెలుస్తుంది, ఇంకో దారి లేదు.

మా తమ్ముడి విషయం ఇదే. నాకు బయటపడగానే డాక్టరమ్మ, తోబుట్టువులందరినీ చూపించండి, ఇది కుటుంబాల్లో వస్తుంది అన్నారు. నేనే బలవంతంగా తీసుకెళ్లా. వాడు ట్రాలీ ఆటో నడిపేవాడు, ముషీరాబాద్ నుంచి బేగంబజార్ దాకా సామాన్లు వేసేవాడు. 2013లో ఎడమ కంటికి ఆపరేషన్ అయింది, బాగా కుదిరింది, ప్రెజర్ 13. ఏడాది పాటు వచ్చాడు. తర్వాత "ఆపరేషన్ అయిపాయె గదక్కా, ఇంకేం చూస్తరు? ఒక రోజు పోతే ఆ రోజు కిరాయి పోతది" అన్నాడు. నేను అడిగినప్పుడల్లా మంచిగనే ఉంది అనేవాడు, అబద్ధం కూడా కాదు, వాడికి నిజంగా మంచిగానే అనిపించేది. మేం వాణ్ణి పట్టుకుని మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లింది 2019లో, అదీ బండి పక్కకి రాసుకుపోయిందని. ఐదేళ్లలో ఆ బుడిపె అణిగిపోయి మచ్చ కట్టేసింది, ప్రెజర్ 30. ఎడమ కంటితో చేతి వేళ్లు లెక్కపెట్టేంత చూపే మిగిలింది, అది కూడా దగ్గరగా పెడితేనే. ఆపరేషన్ చేసినవాళ్ల తప్పు కాదు. వాడి తప్పూ అననండీ, రోజు కూలీ పోతుందంటే మానేసేవాళ్లు వాడొక్కడే కాదు. నా తప్పు మాత్రం ఉంది, ఐదేళ్లు వాడి నోటి మాట నమ్మా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లలేదు. ఇప్పుడు బండి అమ్మేశాడు, ఒక గోడౌన్‌లో కాపలా ఉంటున్నాడు, కుడి కన్ను చుక్కల మందుతో నిలబడి ఉంది.

నా కళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక్కరోజు కూడా చెకప్ ఎగ్గొట్టని నాకే అన్నీ సాఫీగా జరగలేదు. ఈ ఆపరేషన్ తర్వాత శుక్లం తొందరగా వస్తుంది, నాకు 2017లో కుడి కంటికి వచ్చింది, అది తీశాక బాగా కనపడింది కానీ ప్రెజర్ 12 నుంచి 17కి ఎక్కింది, ఒక చుక్కల మందు మళ్లీ మొదలుపెట్టారు, ఇప్పటికీ రాత్రిపూట వేసుకుంటున్నా. ఎడమ కన్ను 2019 నుంచే సతాయించింది, 2020లో లాక్‌డౌన్‌లో నాలుగు నెలలు వెళ్లడానికే కుదరలేదు, అప్పుడు ఎంత దెబ్బ తగిలిందో దేవుడికే తెలియాలి. 2022లో ఆ కంటికి ట్యూబ్ ఆపరేషన్ చేశారు. ఒకసారి ఆపరేషన్ అయిన కళ్ల మీద అమెరికాలో పోల్చి చూస్తే, ఐదేళ్లలో ట్యూబ్ వేసినవాటిలో నూటికి 30 ఫెయిల్ అయ్యాయి, మళ్లీ ట్రాబెక్యులెక్టమీ (ట్రాబ్ అంటారు) చేసినవాటిలో 47, అందుకే ట్యూబ్ మేలన్నారు. నాకు వేసింది మధురైలో అరవింద్ కంటాసుపత్రి వాళ్ల ఆరోల్యాబ్ తయారుచేసింది, బయటిదేశాల వాటికంటే చాలా తక్కువ ఖర్చు. సన్నటి గొట్టం ఒక కొస కంటి లోపల, రెండో కొసకి ఉన్న చిన్న పలక పైన తెల్లపొర మీద దాక్కుని ఉంటుంది. మొదట గొట్టాన్ని కరిగిపోయే దారంతో కట్టేసి ఉంచుతారు, చుట్టూ కండ పట్టాక ఆరు వారాలకి దారం కరిగి నీరు పారడం మొదలవుతుంది, అప్పటిదాకా ప్రెజర్ ఎక్కువే ఉంటుంది, ఆ ఆరు వారాలు నేను నిద్రపోలేదు. గొట్టం పైకి రాకుండా దాని మీద ఎవరో నేత్రదానం చేసిన కంటి పొర ముక్క కప్పి కుట్టారు. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్ల ముక్క నా కంట్లో ఉంది, రోజూ దీపం పెట్టేటప్పుడు వాళ్లకి దండం పెట్టుకుంటా. ట్యూబ్ కూడా శాశ్వతం కాదు, నల్లగుడ్డు పైపొరకి దెబ్బ తగులుతుందేమోనని ఏళ్ల తరబడి చూస్తూనే ఉండాలి.

ఇంకొకటి, ఇది ట్రాబ్ అయిన ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఆ బుడిపె మీద పొర చాలా పల్చగా ఉంటుంది, ఎన్నేళ్ల తర్వాతైనా దాని లోపలికి ఇన్ఫెక్షన్ వెళ్లొచ్చు. జపాన్‌లో వెయ్యికి పైగా కళ్లని ఐదేళ్లు చూస్తే నూటికి రెండింటికి వచ్చింది, తక్కువే, కానీ వస్తే ఒక్క రోజులో కన్ను పోయేంత ప్రమాదం. నాకు 2023 డిసెంబర్‌లో, ఆపరేషన్ అయిన 12 ఏళ్లకి వచ్చింది. పొద్దున లేస్తే కుడి కన్ను ఎర్రగా ఉంది, పుసి, వెలుతురు చూడలేకపోతున్నా. వాతావరణం మారి కళ్లకలక అయ్యుంటుంది, మెడికల్ షాపులో చుక్కలు తెస్తా అన్నాడు మా ఇంటాయన. వద్దని అప్పటికప్పుడు ఆటో ఎక్కా. రెండు గంటల్లో ఆసుపత్రిలో ఉన్నా, గంట గంటకీ యాంటీబయాటిక్ చుక్కలు, రాత్రంతా మా అమ్మాయి అలారం పెట్టుకుని లేచి వేసింది. ఇన్ఫెక్షన్ లోపలికి దిగకముందే ఆగింది. మెడికల్ షాపు చుక్కలతో రెండు రోజులు ఆగి ఉంటే ఈ ఉత్తరం నేను చెప్పగలిగేదాన్ని కానేమో. అసలు మన షాపుల్లో దురదకీ ఎరుపుకీ చీటీ లేకుండా ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉన్నవి చాలా ఉంటాయి, నెలల తరబడి వేసుకుంటే వాటివల్లే కంట్లో ప్రెజర్ పెరుగుతుంది, పిల్లలకి కూడా. దాని మీద మీరు వేరే పేజీ వేయాలి.

ఎల్వీ ప్రసాద్ కంటాసుపత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మన హైదరాబాద్‌తో సహా నాలుగు చోట్ల ఇల్లిల్లూ తిరిగి కళ్లు చూశారు. హైదరాబాద్‌లో నొప్పి లేకుండా వచ్చే రకం నీటికాసులున్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా తమకి ఆ జబ్బు ఉందనే తెలియదు. తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కంటి వెలుగు కార్యక్రమంలో 2018లో, 2023లో లక్షల మందికి అద్దాలిచ్చారు, మా వీధిలోనూ చాలామందికి వచ్చాయి, చాలా మంచి పని. కానీ అక్షరాల బోర్డు చదివిస్తే ఈ జబ్బు దొరకదు, నేను చివరి లైను దాకా చదివినదాన్నే కదా. ప్రెజర్ కొలవాలి, కంటి వెనక నరాన్ని చూడాలి. మళ్లీ ఎప్పుడు అలాంటి కార్యక్రమం పెట్టినా నలభై దాటినవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా చూపు పోయినవాళ్లకి ఈ రెండూ చేర్చమని ప్రభుత్వాన్ని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా.

ఆపరేషన్ చేసే ఆసుపత్రులకి కూడా ఒక మాట. డిశ్చార్జ్ కాగితం ఇంగ్లిష్‌లో ఇస్తారు, నాకిచ్చిందీ అంతే, అందులో రివ్యూ అని రాసి ఉంటే దాని అర్థం బతికున్నంత కాలం రావాలని ఎవరికి తెలుస్తుంది? గర్భిణీలకి కార్డు ఇస్తారు, పిల్లలకి టీకాల కార్డు ఇస్తారు, అలాగే దీనికీ ఒక తెలుగు కార్డు ఇవ్వండి, ప్రతిసారీ ప్రెజర్ ఎంతుందో రాసే గళ్లతో. ఎరుపు, పుసి, నొప్పి, మసక వస్తే అదే రోజు రండి అని కార్డు మీద పెద్దగా రాయండి. కన్ను నలపకూడదని రాయండి. రాకపోతే ఒక ఫోన్ చేయించండి. ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి మెహదీపట్నం సరోజినీ దేవి కంటాసుపత్రి దాకా వచ్చేవాళ్లకి ఒక చెకప్ అంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలీ, తోడొచ్చినవాళ్ల కూలీ కూడా, ప్రెజర్ కొలిచే పనైనా వాళ్ల ఊరి దగ్గర్లో జరిగితే మా తమ్ముడి లాంటివాళ్లు మానేయరు.

మీరు చేయాల్సింది చిన్నదే. వచ్చే హెల్త్ పేజీలో అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి, నీటికాసుల ఆపరేషన్ తర్వాత కూడా జీవితాంతం చెకప్ తప్పనిసరి అని. ఎక్కడో అడుగున చిన్నగా కాదు, హెడ్డింగ్ పెట్టిన చోటే.

వచ్చే గురువారం నాకు చెకప్ ఉంది, తమ్ముడికీ అదే రోజు రాయించా. ఇద్దరం కలిసే వెళ్తున్నాం, ఈసారి వాడి గోడౌన్ సార్‌తో నేనే మాట్లాడి సెలవు అడిగా.

ఇట్లు,
మీ పాఠకురాలు, టైలర్,
రాంనగర్, హైదరాబాద్